నా పరిశోధన వాడుకున్నారు, కాపీరైట్ కేసు వేయొచ్చా?

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో సోషల్ టీచర్‌ని. మాది ఉత్తర తెలంగాణ. సెలవుల్లో మా మండలంలోని పాత చెరువులన్నీ తిరిగి కట్ట పొడవు, తూములు, మత్తడి (నిండినప్పుడు నీళ్లు పొర్లే చోటు), ఆయకట్టు, కట్ట మీది శాసనాలు, ఊరి పెద్దలు చెప్పే ముచ్చట్లు రాసుకున్నాను. మా వారు బండి మీద తిప్పారు, ఫొటోలు తీశారు. రెండేళ్ల కింద ఒక చిన్న పత్రికలో అది పెద్ద వ్యాసంగా వచ్చింది. పట్టిక, నేను గీసిన స్కెచ్ కూడా వేశారు. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే ఒక సార్ అది చదివి, మెచ్చుకుని మా ఇంటికి వచ్చారు. అడిగితే నా నోటుబుక్ కూడా ఇచ్చాను. నెల తర్వాత తిరిగిచ్చారు. ఈ మధ్య ఆయన పుస్తకం వచ్చింది. అందులో ఒక అధ్యాయం మొత్తం నా పనే. వాక్యాలు మార్చారు గానీ విషయమంతా నాదే. మా దగ్గరి రెండు చెరువులు గొలుసుకట్టుగా, అంటే ఒకదాని నీళ్లు ఇంకోదానిలోకి చేరేలా కట్టినవని మొదట చెప్పింది నేను. పుస్తకంలో నా పేరు ఎక్కడా లేదు, కృతజ్ఞతల్లో కూడా లేదు. ఫోన్ చేసి అడిగితే "చరిత్ర ఎవరి సొత్తూ కాదమ్మా" అన్నారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. నా పరిశోధన మీద నాకు కాపీరైట్ ఉందా? కేసు వేయొచ్చా? ఇకమీదట రాసుకున్నవి ఎవరికీ చూపించకుండా దాచుకోవడమే నయమా? (పేరు వేయొద్దు)

సమాధానం:

టీచర్ గారూ,

మీరు పంపిన వ్యాసం జిరాక్సు, ఆ పుస్తకంలోని అధ్యాయం పక్కపక్కన పెట్టుకుని చదివాను. ముందు మీరు అడిగినదానికి సూటిగా జవాబు చెప్తాను. మీరు కనిపెట్టిన విషయం మీద మీకు కాపీరైట్ లేదు. మీ రాత మీద, మీరు గీసిన బొమ్మ మీద ఉంది. "చరిత్ర ఎవరి సొత్తూ కాదమ్మా" అని ఆ సార్ అన్నమాట చట్టం దగ్గర నిలబడుతుంది, అయితే సగమే. మిగతా సగం ఆయన చెప్పలేదు. బహుశా తెలియదేమో. మీ కాగితాలు చూస్తుంటే ఆయన చిక్కుకున్నది ఆ మిగతా సగంలోనే.

ముందు మీకు నచ్చని సగం చెప్పేస్తాను.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. ఏయే వాటికి కాపీరైట్ ఉంటుందో 13వ సెక్షన్ చెబుతుంది: సాహిత్య, నాటక, సంగీత, కళా రచనలు, సినిమాలు, సౌండ్ రికార్డింగులు. అంతే. ఆ వరుసలో పరిశోధనలో తేలిన విషయం అనేది ఎక్కడా లేదు. 1978లో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా గట్టిగా చెప్పింది. ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత తన నాటకాన్నే సినిమాగా తీశారని దావా వేశారు. నాది పంజాబు, నీది మద్రాసు అనే ప్రాంతీయాభిమానం, దాని మధ్య ఒక పెళ్లి, ఇదీ రెండింటిలోనూ ఉన్న కథాంశం. సినిమా తీసినాయనకు ఆ నాటకం మొత్తం ఆనందే స్వయంగా చదివి వినిపించారు కూడా. అయినా ఓడిపోయారు. ఆలోచనకు, ఇతివృత్తానికి, చారిత్రక విషయానికి కాపీరైట్ ఉండదని, దాన్ని చెప్పిన తీరుకు, అమర్చిన క్రమానికే ఉంటుందని కోర్టు తేల్చింది. ప్రపంచ వాణిజ్య సంస్థలోని దేశాలు మేధోహక్కుల మీద ఒప్పుకున్న ట్రిప్స్ ఒప్పందంలో 9వ అధికరణం చెప్పేదీ ఇదే.

ఇప్పుడు మీ వాక్యం చూడండి. "పై చెరువు మత్తడి దుంకిన నీళ్లు వాగులో కలవకుండా కింది చెరువుకు మళ్లేలా రాతి అడ్డుగోడ కట్టి ఉంది. దీన్నిబట్టి రెండూ ఒకే ప్లాను మీద కట్టిన గొలుసుకట్టు చెరువులని నా అభిప్రాయం." ఆయన పుస్తకంలో ఇలా ఉంది: "ఎగువ తటాకం నుండి పొర్లిన జలం దిగువ తటాకానికి చేరే శిలానిర్మాణం ఉన్నందున ఇవి ఏకకాలంలో ఏక ప్రణాళికతో నిర్మితమైనవని నిర్ధారించవచ్చు." మీ చెరువు కాస్తా తటాకమైంది, మీ అభిప్రాయం ఆయన చేతిలో నిర్ధారణ అయిపోయింది. (ఒక్క అడ్డుగోడను చూసి రెండూ ఏకకాలంలో కట్టారని ఎలా చెప్తారో ఆయన్నే అడగాలి. మీరు ఆ మాట అనలేదు.) కానీ ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి కోర్టుకు వెళ్తే మీరు గెలవరు. రెండింటిలో ఉన్నది ఒకే విషయం, మాటలు మాత్రం వేరు. విషయం ఎవరైనా చెప్పుకోవచ్చు.

మీలాగే మండిపడ్డ ఒక అమెరికా రచయిత కేసు చెప్తాను. 1937లో హిండెన్‌బర్గ్ అనే జర్మన్ గాలిఓడ న్యూజెర్సీలో దిగబోతూ అంటుకుని 36 మంది చనిపోయారు. అది ఎలా అంటుకుందన్నది తేలని సంగతి. హోలింగ్ అనే ఆయన దర్యాప్తు నివేదికలు తిరగేసి, బతికి బయటపడ్డవాళ్లతో మాట్లాడి, సిబ్బందిలోనే ఒకడు కావాలని చేశాడని 1962లో పుస్తకం రాశారు. పదేళ్ల తర్వాత ఇంకొకాయన అదే మనిషిని దోషిగా చూపిస్తూ మరో పుస్తకం రాశారు. 1975లో యూనివర్సల్ స్టూడియో దాన్ని సినిమా తీసింది. హోలింగ్ దావా వేశారు. ఆ సిద్ధాంతం పూర్తిగా ఆయన సొంతమే అనుకున్నా సరే, జరిగిన చరిత్రకు ఇచ్చిన వివరణ ఎవరి గుత్త సొత్తూ కాదని 1980లో న్యూయార్క్ ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది. లేకపోతే చరిత్ర రాయడానికి కూర్చున్న ప్రతివాడూ, ముందు రాసినవాడు దావా వేస్తాడేమో అని భయపడుతూ కూర్చోవాల్సిందే.

ఇది అన్యాయం అనిపిస్తోంది కదా మీకు? మీ వ్యాసం మూడో పేజీ తీయండి. కట్ట మీది శాసనం కాలం చెబుతూ "పెద్దలు నిర్ణయించిన ప్రకారం" అని రాశారు. ఎవరా పెద్దలు? లక్ష్మణరాయ పరిశోధక మండలి వాళ్లు అచ్చేసిన శాసన సంపుటాలు, ఆ తర్వాత ప్రభుత్వ పురావస్తు శాఖ వేసిన సంపుటాలు మన దగ్గర చెరువుల మీద రాసేవాళ్లందరికీ ఆధారం. వాళ్లలో ఎవరో ఎండలో రాయి కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది ఎస్టాంపేజీ (రాతి మీది అక్షరాల అచ్చు) తీసి, శకం, తిథి, వారం లెక్కగట్టి ఆ కాలం తేల్చారు. మీరు దాన్ని అడగకుండానే వాడుకున్నారు. వాడుకోవడం తప్పు కాదు, చట్టం ఇచ్చిన వీలే అది. పేరు చెప్పకపోవడం మాత్రం మీ లోపం. మీ సార్‌కు ఉత్తరం రాసేముందు దీన్ని సరిచేసుకోండి. ఎదుటివాళ్లు మొదట పట్టుకునేది అదే.

ఇక కష్టం సంగతి. "ఎండనక వాననక తిరిగిన కష్టమంతా నాది" అని రాశారు. కష్టానికి విలువ లేదని ఎవరూ అనరు గానీ, కాపీరైట్ కష్టానికి కూలి కాదు. దీని మీద అమెరికా సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు మీకు బాగా పనికొస్తుంది. కాన్సస్ రాష్ట్రంలో రూరల్ అనే చిన్న టెలిఫోన్ కంపెనీ తన ప్రాంతానికి డైరెక్టరీ వేసేది. ఫైస్ట్ అనే మరో కంపెనీ ఆ నంబర్లను తన పెద్ద డైరెక్టరీలోకి ఎత్తుకుంది. ఎవరైనా కాపీ కొడితే పట్టుబడాలని రూరల్ వాళ్లు ముందే నాలుగు దొంగ పేర్లు ఇరికించి పెట్టారు. ఆ నాలుగూ ఫైస్ట్ పుస్తకంలో తేలాయి. కాపీ కొట్టారని అంతకంటే రుజువు ఏం కావాలి? అయినా రూరల్ ఓడిపోయింది. పేరు, ఊరు, నంబరు అనేవి ఉన్న సంగతులు. వాటిని అక్షర క్రమంలో పేర్చడంలో సృజన ఏమీ లేదు. కాపీ కొట్టినట్టు రుజువైంది, కానీ ఆ కాపీ కొట్టినదాని మీద హక్కే లేకపోయింది.

ఇది మీకెందుకంటే, మీరు ఉత్తరంలో పెద్ద ఆయుధంగా చూపించింది ఒక తప్పును. పట్టికలో ఒక చెరువుకు మూడు తూములైతే రెండని అచ్చయింది. ఆయన పుస్తకంలోనూ రెండే ఉంది. ఆయన ఆ కట్ట తొక్కలేదని అది బల్లగుద్ది చెబుతోంది, నిజమే. కానీ తూముల సంఖ్య మీ సొత్తు కాదు, తప్పు సంఖ్యైనా సరే. ఆ తప్పు సాక్ష్యంగా పనికొస్తుంది, హక్కుగా పనికిరాదు. దాన్ని జాగ్రత్తగా దాచండి, ఇంకోచోట అక్కరకొస్తుంది.

మన సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో దాదాపు ఈ దారే పట్టింది, కాకపోతే కాస్త మెత్తగా. సుప్రీంకోర్టు తీర్పులు అచ్చేసే సంస్థ అది. వాళ్ల సంపుటాల్లోంచి ఇంకొకరు సీడీలు చేసుకున్నారు. తీర్పు పాఠం ఎవరైనా వాడుకోవచ్చని, శ్రమా పెట్టుబడీ పెట్టినంత మాత్రాన కాపీరైట్ రాదని కోర్టు అంది. కానీ సంపాదకులు చదివి, ఆలోచించి రాసిన సారాంశాలకు, తీర్పును పేరాలుగా విడగొట్టి నంబర్లు వేసిన పనికి రక్షణ ఇచ్చింది. నైపుణ్యం, వివేచన, దానికి తోడు పిసరంత సృజన ఉండాలన్నది అక్కడి కొలత. ఆ కొలతతో మీ దగ్గర ఏమేం మిగిలాయో చూద్దాం. చాలానే మిగిలాయి.

అన్నిటికంటే గట్టిది మీ స్కెచ్. కట్ట, తూము, అడ్డుగోడ, కాలువ చూపిస్తూ మీరు చేత్తో గీసింది. చట్టంలో "కళా రచన" అంటే పెయింటింగులే అనుకోవద్దు. రేఖాచిత్రం, పటం, చార్టు, ప్లాను అన్నీ అందులోకే వస్తాయి, అందంగా ఉండాలన్న నియమం కూడా లేదు. ఆయన పుస్తకంలో ఎవరో ఆర్టిస్టు కంప్యూటర్ మీద శుభ్రంగా మళ్లీ గీశారు. బాణాలు మార్చారు, అక్షరాలు అచ్చుకొట్టారు. కానీ కట్ట మలుపు దగ్గర మీరు గుర్తు కోసం వేసిన వేపచెట్టు అక్కడే ఉంది. తూముకు మీరు కొలతకు మించి పెద్దగా వేసిన చదరపు గడి కూడా అదే సైజులో ఉంది. చెరువు స్వరూపం అందరిదీ. ఆయన సొంతంగా వెళ్లి చూసి ఇంకో స్కెచ్ గీసుకుంటే మీరు నోరెత్తడానికి లేదు. కానీ ఏం చూపించాలి, ఏం వదలాలి, ఏది పెంచి వేయాలి అన్న నిర్ణయాలు మీవి. ఆ నిర్ణయాలన్నీ అలాగే దిగబడ్డాయంటే అది చెరువును చూసి గీసింది కాదు, మీ బొమ్మను చూసి గీసింది.

ఫొటోల దగ్గర మీకొక చిన్న షాక్. రెండు ఫొటోలు ఉన్నదున్నట్టు వాడారు, సందేహమే లేదు. కానీ ఫొటోకు చట్టం ప్రకారం కర్త దాన్ని తీసిన మనిషి. మీరు నిలబడి "ఇటు నుంచి తీయండి" అని చెప్పినా, నొక్కింది మీ వారు. హక్కు ఆయనది. నోటీసు ఇచ్చేటప్పుడు ఆయన సంతకం కూడా కావాలి, లేదా ఆ హక్కు మీకు రాసిస్తున్నట్టు ఒక కాగితం కావాలి. ఇంట్లో మనిషే కదా అని నోటిమాటతో సరిపెట్టుకోకండి. 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతోనే చెల్లుతుంది.

పట్టిక విషయంలో రెండు వైపులా వాదన ఉంది. కట్ట పొడవు, ఆయకట్టు ఎకరాలు మీవి కావు. చట్టం పట్టికలను, సంకలనాలను సాహిత్య రచనల్లోనే చేర్చింది గానీ, రక్షణ మాత్రం కూర్పుకే. ఊళ్ల పేర్లను అకారాది క్రమంలో పెట్టి ఉంటే టెలిఫోన్ డైరెక్టరీ గతే పట్టేది. మీరు అలా చేయలేదు. నీరు పారే వరుసలో, వాగు పుట్టిన చోటు నుంచి కిందికి పేర్చారు. చివర "ఊళ్లో ఏమంటారు" అని ఒక గడి పెట్టి, ప్రతి చెరువు గురించి ఒక్క ముక్క రాశారు. ఆ వరుస, ఆ గడి ఎంచుకోవడంలో వివేచన ఉందని నేను వాదిస్తాను. నీటి వరుస సహజంగా ఉన్నదే, అందులో సృజన ఏముందని అవతలి లాయరు అంటారు. ఏ చెరువును చేర్చాలో వదలాలో కూడా మీరే ఎంచుకున్నారు కాబట్టి నా మొగ్గు మీ వైపే. ఇందాక దాచమన్న రెండు తూముల తప్పు ఇక్కడ తీయండి. కూర్పుతో సహా దించుకున్నారని అది చెబుతుంది.

శాసనం సంగతి ఇంకా ఆసక్తిగా ఉంది. శాసనం పాఠం వందల ఏళ్ల నాటిది, దానికి కాపీరైట్ ప్రశ్నే లేదు. ఉన్న అక్షరాలను ఉన్నట్టు ఎత్తి రాసినా కొత్త హక్కు పుడుతుందనుకోను. కానీ మీరు అరిగిపోయిన చోట్ల అక్షరాలు ఊహించి, చదరపు బ్రాకెట్లలో పూరించారు. ఆయనా అవే అక్షరాలు, అవే చోట్ల పెట్టారు, బ్రాకెట్లు మాత్రం ఎగరగొట్టారు. ఇజ్రాయెల్‌లో అచ్చంగా ఇలాంటి తగవు ఒకటి జరిగింది. మృతసముద్రం దగ్గరి గుహల్లో దొరికిన తోలు ప్రతుల్లో 60, 70 ముక్కలైపోయిన ఒక రచనను ఎలిషా కిమ్రాన్ అనే పండితుడు ఏళ్ల తరబడి కూర్చుని అతికి, చిరిగిపోయిన చోట మాటలు పూరించి 121 పంక్తులుగా నిలబెట్టాడు. అతను ప్రచురించకముందే, 1991లో, అమెరికాలో హెర్షెల్ షాంక్స్ అనే పత్రికా సంపాదకుడు ఆ పాఠాన్ని కిమ్రాన్ పేరు లేకుండా అచ్చేశాడు. రెండు వేల ఏళ్ల నాటి రచన మీద నీకు హక్కేంటి అన్నది షాంక్స్ వాదన. ముక్కల మీద కాదు, వాటిని అమర్చి పూరించిన పాఠం మీద కిమ్రాన్‌కు కాపీరైట్ ఉందని జెరూసలేం జిల్లా కోర్టు 1993లోనూ, ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2000లోనూ చెప్పాయి.

ఈ తీర్పును అప్పట్లోనే చాలామంది పండితులు తప్పుపట్టారు. నాకూ పూర్తిగా మింగుడుపడదు. పూరించేవాడు వెతికేది ఆ పాత రచయిత అసలు ఏం రాశాడనే కదా? సరిగ్గా పూరించాడంటే అది ఆ పాత రచయిత మాటే, ఇక హక్కు ఎక్కడిది? మన కోర్టులు ఆ తీర్పుకు కట్టుబడి ఉండాల్సిన పనీ లేదు. అందుకే మీ దావా శాసనం మీద కట్టొద్దు. కానీ ఉత్తరంలో మాత్రం తప్పకుండా రాయండి. ఎందుకంటే చదువుకున్నవాళ్లకు ఇది సిగ్గుచేటు విషయం. బ్రాకెట్లు తీసేయడం మీకు చేసిన అన్యాయమే కాదు, పాఠకుడికి చెప్పిన అబద్ధం కూడా. రాయి మీద లేని అక్షరాలు ఉన్నట్టు చూపించారు.

వాక్యాలు మార్చేస్తే బయటపడిపోయినట్టేనా అంటే, అదీ కాదు. ఆర్.జి. ఆనంద్ తీర్పులో కోర్టు ఒక పరీక్ష పెట్టింది: రెండూ చదివిన మామూలు పాఠకుడికి రెండోది మొదటిదానికి కాపీ అని అనుమానం లేకుండా అనిపించాలి. అదే వరుస, అవే ఉదాహరణలు, అదే చోట అదే మలుపు, మాటలు మాత్రం పర్యాయపదాలు అయితే అది కూడా కాపీయే. ఆయన అధ్యాయంలో మొదటి ఆరేడు పేజీలు అలా లేవు, అవి ఆయన సొంత తీరులోనే ఉన్నాయి. కానీ కట్టమైసమ్మ కొలుపు గురించి ముసలమ్మ చెప్పిన ముచ్చటను మీరు కథలా రాసిన భాగం ఉంది చూశారా, అది మాత్రం పేరాకు పేరా నడిచింది. ఆ ముచ్చట ఊరిది. దాన్ని వర్షంతో మొదలుపెట్టి, మధ్యలో ఆపి, ఆమె నవ్వుతో ముగించిన తీరు మీది.

మీరు చెప్పని సంగతి ఒకటుంది: పత్రికకు వ్యాసం పంపినప్పుడు ఏమైనా సంతకం చేశారా? మీరు ఆ పత్రిక ఉద్యోగి కారు కాబట్టి మామూలుగా హక్కు మీదే. సంతకం చేసి రాసిచ్చి ఉంటే ఆ కాగితం తీసి చూడండి. గడువు రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం అనుకుంటుంది. ఏమీ సంతకం చేయలేదంటే నిశ్చింతగా ఉండండి. ఉద్యోగం గురించీ భయం వద్దు. మీరు స్కూల్లో చెప్పే పాఠం వేరు, సెలవుల్లో రాసుకున్న వ్యాసం వేరు.

ఇక నోటుబుక్. దీన్ని మీరు రెండు వాక్యాల్లో దాటేశారు గానీ, నా లెక్కలో కేసులో బరువైనది ఇదే. ఆ అధ్యాయంలో కనీసం మూడు సంగతులు మీ వ్యాసంలో లేవు. నోటుబుక్ పేజీల్లో మాత్రం ఉన్నాయి. అచ్చు కాకపోయినా చేతిరాతకు కాపీరైట్ రాసిన క్షణం నుంచే ఉంటుంది, ఎక్కడా రిజిస్టరు చేయనక్కర్లేదు. అదొకటి. రెండోది, కాపీరైట్‌తో సంబంధం లేని దారి: నమ్మకం మీద ఇచ్చిన సమాచారాన్ని ఇచ్చిన పనికి తప్ప వాడకూడదన్న న్యాయసూత్రం. 2003లో బొంబాయి హైకోర్టు జీ టెలిఫిలిమ్స్ కేసులో, ఒక సీరియల్ ఆలోచనను చర్చల్లో విని తర్వాత సొంతంగా తీయబోయిన చానల్‌ను ఈ సూత్రంతోనే ఆపింది. కాపీరైట్ పట్టుకోలేని ఆలోచన కూడా ఇక్కడ దొరుకుతుంది. కాకపోతే అది నమ్మకం మీద ఇచ్చిందని చూపించాలి. ఆయన నోటుబుక్ అడిగినప్పుడు ఏమన్నారు? "ఊరికే చూసి ఇస్తానమ్మా" అన్నారా, "పుస్తకం రాస్తున్నాను, వాడుకుంటాను" అన్నారా? వాట్సాప్‌లో మెసేజ్ ఉంటే వెంటనే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రెండో మాటే అని, మీరు సరే అని ఉంటే, ఈ దారి మూసుకుపోయినట్టే.

ఇంతవరకూ చెప్పింది కోర్టు సంగతి. మీ బాధ మాత్రం నిజానికి వేరే చోట ఉంది. "నా పేరు లేదు" అన్నది మీ ఉత్తరంలో మళ్లీ మళ్లీ వచ్చింది, డబ్బు ఊసు ఒక్కసారీ రాలేదు. దానికి పేరు ప్లేజియరిజం, మన మాటల్లో గ్రంథచౌర్యం. కాపీరైట్‌కు దానికి తేడా తెలియక చాలామంది ఒక గడప తొక్కాల్సినచోట ఇంకో గడప తొక్కుతారు. యూనివర్సిటీలను, కాలేజీలను చూసే యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలు ప్లేజియరిజం అంటే ఇతరుల రచననైనా, ఆలోచననైనా తనదిగా చెప్పుకోవడమని అంటున్నాయి. ఆలోచన అన్న మాట గమనించండి. కాపీరైట్ చట్టం చేయి వదిలిన చోట ఇది పట్టుకుంటుంది. ఆయన కాలేజీలో పనిచేస్తున్నారు కాబట్టి ఈ నిబంధనల కింద ఉన్నవారే. డిపార్టుమెంటు స్థాయిలో ఒకటి, సంస్థ స్థాయిలో ఒకటి కమిటీలు ఉండాలి.

అయితే అక్కడా ఒక తిరకాసు ఉంది. శిక్షల మెట్లన్నీ పోలిక శాతాల మీద కట్టారు. 10 శాతం దాకా పట్టించుకోరు, 10 నుంచి 40, 40 నుంచి 60, 60 పైన అని మూడు స్థాయిలు. పై స్థాయిలకు వెళ్తే ఇంక్రిమెంట్లు ఆపడం, రీసెర్చి విద్యార్థులను ఇవ్వకపోవడం దాకా ఉంది. ఆ పోలికను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ చూసేది మాటలను. చెరువును తటాకం చేసిన పుస్తకం దానికి కొత్త పుస్తకమే. పైగా మీ వ్యాసం ఏ వెబ్‌సైటులోనూ లేని చిన్న పత్రికలో వచ్చింది. కాబట్టి ఫిర్యాదుతో పాటు ఆ సాఫ్ట్‌వేర్ రిపోర్టు జతచేస్తే నష్టం మీకే. చేత్తో రెండు నిలువు వరుసల కాగితం తయారుచేయండి: ఎడమ మీది, కుడి ఆయనది, పేజీ నంబర్లతో. వేపచెట్టు, రెండు తూములు, బ్రాకెట్లు, ముసలమ్మ నవ్వు, నోటుబుక్‌లో మాత్రమే ఉన్న మూడు సంగతులు. రెండు పేజీలు మించకూడదు. అంతకంటే ఎక్కువైతే ఎవరూ చదవరు.

ఈ రెండు పేజీలతో మొదట ఆయనకే రాయండి, ప్రచురణకర్తకు ఒక కాపీ పెట్టండి. స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా. దొంగ, మోసం లాంటి మాటలు ఒక్కటి కూడా వద్దు. ఇంచుమించు ఇలా ఉంటే చాలు:

"గౌరవనీయులైన సార్‌కి నమస్కారం. మీ పుస్తకంలోని ఫలానా అధ్యాయంలో నా వ్యాసంలోని స్కెచ్, పట్టిక, మా వారు తీసిన రెండు ఫొటోలు మా అనుమతి లేకుండా వచ్చాయి. మీరు చూడటానికి తీసుకున్న నా నోటుబుక్‌లోని సంగతులు కూడా ఉన్నాయి. వివరాలు జతచేశాను. చెరువుల చరిత్ర అందరిదీ అన్న మీ మాటతో నాకు పేచీ లేదు. మిగిలిన కాపీల్లో సవరణ చీటీ అంటించి, స్కెచ్, ఫొటోల కింద మా పేర్లు, గొలుసుకట్టు గురించిన నిర్ణయం దగ్గర నా వ్యాసం ప్రస్తావన వేయించాలని, తర్వాతి ముద్రణలో అవే లోపల చేర్చాలని కోరుతున్నాను. 30 రోజుల్లో జవాబు ఆశిస్తాను."

ఇందులో మీరు అడుగుతున్నవాటిలో స్కెచ్, ఫొటోలు, పట్టిక చట్టం ఇచ్చిన హక్కులు. గొలుసుకట్టు దగ్గర ప్రస్తావన మాత్రం మర్యాద. రెండూ కలిపి అడిగినప్పుడు, మొదటిదానికి భయపడి రెండోది కూడా ఇచ్చేస్తుంటారు. ప్రచురణకర్తకు కాపీ పెట్టమన్నది కూడా అందుకే. పుస్తకాలు అమ్ముకునేవాడికి సవరణ చీటీ ఖర్చు తక్కువ, దావా ఖర్చు ఎక్కువ.

జవాబు రాకపోతే కాలేజీ కమిటీకి ఫిర్యాదు. ఆ తర్వాతే కోర్టు. 62వ సెక్షన్ వల్ల మీరు ఉండే చోటి జిల్లా కోర్టులోనే వేయొచ్చు, ఆయన ఊరికి తిరగక్కర్లేదు. నష్టపరిహారానికి మూడేళ్ల గడువు ఉంది, అది పుస్తకం వచ్చినప్పటి నుంచి లెక్క. ఈలోగా స్కెచ్‌ను, వ్యాసాన్ని కాపీరైట్ ఆఫీసులో రిజిస్టరు చేయించుకోండి. ఒక్కోదానికి 500 రూపాయలు. తప్పనిసరి కాదు గానీ కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది. మీ బంధువులెవరో పోలీసు కేసు పెట్టమన్నారని రాశారు. 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా ఉన్నమాట నిజమే. పైరసీ పుస్తకాలు అచ్చేసేవాళ్ల మీద అది సరే. ఒక స్కెచ్, రెండు ఫొటోల కోసం లెక్చరర్ మీద స్టేషన్‌కు వెళ్తే, ఊళ్లో సానుభూతి ఆయన వైపు తిరుగుతుంది. నేనైతే వెళ్లను.

చివరగా, రాసుకున్నవి దాచుకోనా అని అడిగారు. మీరేదో యంత్రమో మందో కనిపెట్టి ఉంటే అవునని చెప్పేవాణ్ణి. పేటెంటు దరఖాస్తు పెట్టకముందే అచ్చేస్తే కొత్తదనం పోతుంది. చరిత్రకు అది తిరగబడుతుంది. ఆ రెండు చెరువుల గొలుసుకట్టు సంగతి మొదట చెప్పింది మీరేనని ఇవాళ రుజువు చేస్తున్నది తేదీతో అచ్చయిన ఆ చిన్న పత్రికే. నోటుబుక్‌లో ఉండిపోయిన మూడు సంగతుల దగ్గరే మీ రుజువు బలహీనంగా ఉంది. కాబట్టి ఆ మూడింటినీ ఈ రెండు నెలల్లోనే వ్యాసంగా రాసి పంపండి. ఆయన పుస్తకాన్ని కూడా అందులో పేరుపెట్టి ప్రస్తావించండి, ఏకకాలంలో కట్టారన్న నిర్ధారణకు ఆధారం ఏమిటని అడగండి. తూముల సంఖ్య మూడని సవరించండి. ఫొటోల కింద మీ వారి పేరు వేయించండి. మూడో పేజీలోని ఆ "పెద్దల" పేర్లు కూడా వెతికి వేయండి.